హంసను చూశారా మాస్టారూ?

నైషధం పాఠం చెబుతున్నానండీ, 2024 డిసెంబరులో, డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకి. నలుడు కొలను గట్టున బంగారు హంసను పట్టుకోవడం, అది ముసలితల్లిని తలుచుకుని విలపించడం, ఆయన జాలిపడి వదిలెయ్యడం, ఆ మేలు మరవక అది దమయంతి దగ్గరికి రాయబారం వెళ్లడం - శ్రీనాథుడు ఆ ఘట్టాన్ని ఎంత హాయిగా నడిపించాడో నేనూ అంత హాయిగా చెప్పుకుపోతున్నాను. ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠం. కళ్లు మూసుకున్నా నోరు ఆగదు. అంతలో మూడో బెంచీ చివర కూర్చునే అమ్మాయి లేచి నిలబడింది. ఏదో సమాసం విడదీయమంటుంది కాబోలనుకున్నాను.

"హంసను మీరు చూశారా మాస్టారూ?" అంది.

"కవి కంటితో చూశానమ్మా" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "అయితే చూళ్లేదన్నమాట" అని, తనలో తను అనుకున్నట్టుగా అని, కూర్చుంది.

ఆ రాత్రి అన్నం తిని మంచం మీద వాలాక లెక్క వేసుకున్నాను. హంస, చకోరం, చక్రవాకం, క్రౌంచం, చాతకం - వీటి మీద నేను దిద్దిన జవాబు పత్రాలు పేర్చితే మా వీధి చివరి దాకా వస్తాయి. వీటిలో ఒక్కటి నా కిటికీ మీద వాలి పలకరించినా నేను పోల్చుకోలేను. కాకి, పిచ్చుక, గోరింక, చిలక, కొంగ. ఆ తర్వాత నాకు రూఢిగా తెలిసిన పక్షి కోడి.

ఆ సంగతి అక్కడితో మరిచిపోయేవాణ్ణే. కాని రెండు నెలలు తిరక్కుండా నేను అమెరికాలో మిన్నెసోటా అనే రాష్ట్రానికి ప్రయాణం కట్టవలసి వచ్చింది. హంసల కోసం కాదు, మా అప్ప కోసం. మా శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటాం. అప్ప నాకన్నా తొమ్మిదేళ్లు పెద్దది. బావగారి ఉద్యోగం వెంట 1998లో అక్కడికి వెళ్లి, మిన్నియాపొలిస్ నగరం శివార్లలో ఇల్లు కట్టుకుని వుండిపోయింది. బావగారు 2024 జనవరిలో పోయారు. మేనల్లుడు టెక్సాస్‌లో ఉద్యోగం. సంవత్సరీకాలు అయిపోగానే మా అమ్మ నన్ను పిలిచి, "ఆ మంచులో అది ఒక్కర్తీ ఏం చేస్తుందిరా? నువ్వు వెళ్లి తీసుకురా. నా దగ్గర వుంటుంది" అంది. అమ్మకి డెబ్భై ఎనిమిదేళ్లు. ఆ మాటకి అప్పీలు లేదు. మూడు వారాలు సెలవు పెట్టి, ఇంట్లో వున్న స్వెట్టర్లన్నీ మూటగట్టి, ఫిబ్రవరి రెండో వారంలో అక్కడ దిగాను.

చలి గురించి నేను చెబితే కోతలనుకుంటారు. సున్నాకి ఇరవై డిగ్రీల దిగువన గాలి పీల్చగానే ముక్కులో వెంట్రుకలు ఒక్కొక్కటీ పుల్లల్లా బిగుసుకుంటాయి. ఆ అనుభూతికి ఏ అలంకారికుడూ పేరు పెట్టినట్టు లేదు. అరుగులు, చెట్లు, చెరువులు, కార్లు - అన్నీ ఒకే తెలుపు. ఇటువంటి చోట ప్రాణం అనేది ఏదైనా బయట తిరుగుతుందని నేను నమ్మలేదు.

పొద్దు వేళలు తారుమారై మర్నాడు తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. వంటింట్లో దీపం వుంది, అప్ప లేదు. కిటికీలోంచి చూద్దును గదా, చీర మీద బావగారి పెద్ద కోటు తొడుక్కుని, మోకాళ్లదాకా బూట్లేసుకుని, చేతిలో బకెట్టుతో మంచులో దిగబడుతూ పెరట్లోకి పోతోంది. నా గుండె గతుక్కుమంది. ఏడాది ఒంటరితనం ఈమెకి మతి చలింపజేసింది కాబోలు, అమ్మకేం చెప్పను అనుకున్నాను. ఆమె పెరట్లో పాతిన గుంజకి వేలాడే గాజు గొట్టంలో బకెట్టులోని గింజలు పోసింది. నల్లటి పొద్దుతిరుగుడు గింజలు. పక్కన తీగ బుట్టలో ఏదో తెల్లటి ముద్ద పెట్టింది. లోపలికి వచ్చి, చేతులు వెచ్చబెట్టుకుని, రెండు కాఫీలు కలిపి, నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టింది.

"ఆ తెల్లముద్ద ఏమిటప్పా?"

"గొడ్డుకొవ్వు. అమ్మకి చెప్పకు."

నిప్పులు కడిగే ఇంటి పిల్ల! నేను ఇంకేదో అనబోతే, "మాట్లాడకు, ఇప్పుడొస్తాయి" అంది.

వచ్చాయి. ముందుగా వచ్చింది వేలెడంత పిట్ట. నల్లటోపీ, నల్లటి మెడపట్టీ, తెల్లటి బుగ్గలు, బొద్దుగా దూదివుండలా వుంది. ఒక గింజ తీసుకుని ఎగిరిపోయింది. ఇంకొకటి వచ్చి ఇంకో గింజ పట్టుకుపోయింది. వరసలో నిలబడి ఎవరి వంతు వాళ్లు తీసుకుంటున్నట్టు, ఒక్కసారి ఒక్క గింజే. దీన్ని అక్కడ చికడీ అంటారు. దాని కూతే దానికి పేరైంది: చిక్-అ-డీ-డీ-డీ. బరువెంతో చెబితే మన ఆడవాళ్లకి వెంటనే తెలుస్తుంది. సుమారు తులం. తులం బంగారమంత ప్రాణి! నేను రెండు స్వెట్టర్లు, శాలువా కప్పుకుని కిటికీ లోపల వణుకుతుంటే, అది కిటికీ అవతల గంతులేస్తోంది.

ఇది ఎలా బతుకుతుందో అప్ప చెప్పుకొచ్చింది. పగలల్లా తిని ఒంట్లో కాస్త కొవ్వు పట్టిస్తుంది. ఆ కొవ్వు ఆ ఒక్క రాత్రికే సరి. రాత్రి చెట్టు తొర్రలో దూరి, ఒంటి వేడిని పగటి కంటే పది పన్నెండు డిగ్రీలు తగ్గించేసుకుంటుంది. పొయ్యి ఆర్పకుండా నిప్పు మీద బూడిద కప్పి వుంచినట్టన్నమాట. తెల్లవారగానే మళ్లీ తిండి వేట. ఆకు రాలే కాలంలో వేల గింజల్ని ఒక్కొక్కటీ ఒక్కొక్క చోట దాస్తుంది - బెరడు సందులో ఒకటి, నాచు కింద ఒకటి. వారాలు గడిచాక కూడా వెళ్లి తీసుకుంటుంది. ఆ జ్ఞాపకానికి చోటు కోసమా అన్నట్టు, ఆకురాలు కాలంలో దాని మెదడులో కొత్త కణాలు పుడతాయని శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. నేను కళ్లజోడు ఎక్కడ పెట్టానో రోజూ వెతుక్కునేవాణ్ణి కనక ఈ భాగం శ్రద్ధగా విన్నాను.

ఇంకొక ముచ్చట. చిక్-అ-డీ అన్న ఆ కూతలో చివర డీలు ఎన్ని అనేదానికి అర్థం వుందట. ప్రమాదం ఎక్కువయినకొద్దీ డీలు ఎక్కువ. 2005లో అచ్చయిన పరిశోధన ఇది. పెద్ద గుడ్లగూబను చూస్తే తక్కువ డీలు, చిన్న గూబను చూస్తే ఎక్కువ. తలకిందులుగా వుందే అనుకున్నాను. కాని ఆలోచిస్తే, తులం పిట్టను కొమ్మల మధ్య వెంటాడి పట్టుకోవడం పెద్ద గూబకి చాతకాదు, చిన్నదానికే చాతవుతుంది. పదానికి ప్రత్యయం చేరిస్తే అర్థం మారుతుందని పిల్లలకి చెప్పడానికి నేను ఇంత మంచి ఉదాహరణ ఎన్నడూ చెప్పలేదు.

చికడీ తర్వాత మరికొందరు వచ్చారు. ఒళ్లంతా ఎర్రగా, ఆ తెల్ల మంచులో నిప్పుకణికలా వుండే కార్డినల్. అది బాగా తెల్లవారకముందు ఒకసారీ, మసకచీకటి పడ్డాక ఒకసారీ వస్తుంది. చెట్టుమొదలు మీద తలకిందులుగా దిగే నట్‌హాచ్. పైన బూడిదరంగు, కింద తెలుపు వుండే జంకో. నేను పేర్లు అడుగుతుంటే అప్ప ఒక పాత డైరీ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మా టెక్కలిలో ఎరువుల కొట్టువాళ్లు ఎప్పుడో పంచిన 2003 డైరీ. బావగారి దస్తూరి.

నేను నిజం చెప్పాలి. బావగారిని నేను లెక్కల మనిషి కిందే జమ కట్టాను. యంత్రాలు, జీతం, ఇంటి అప్పు - వీటి గురించి తప్ప ఆయన మాట్లాడగా నేను విన్నది తక్కువ. ఆ డైరీలో ఇరవై ఏళ్ల పక్షులున్నాయి, అన్నీ తెలుగులో. పేర్లు ఆయనే పెట్టుకున్నారు. చికడీ 'నల్లటోపీ'. కార్డినల్ 'కుంకుమ పిట్ట'. జంకో 'విభూతి పిట్ట'. తలకిందుల నట్‌హాచ్ 'త్రిశంకు'. ఒక్కొక్క పేజీలో రెండే రెండు ముక్కలు: తేదీ, పిట్ట, చలి ఎన్ని డిగ్రీలు. 'నల్లటోపీ పాట మొదలు' అన్నది మాత్రం ఏటా ఎర్ర సిరాతో రాసి వుంది.

ఆ పాట సంగతి తర్వాత నా చెవులతోనే విన్నాను. చలి ఏమీ తగ్గకపోయినా, జనవరి మధ్య నుంచీ పగలు రవ్వంత పొడుగవుతుంది. ఆ వెలుతురును పట్టుకుని మగ చికడీ తన మామూలు కూత మాని సన్నటి ఈల వేస్తుంది. రెండే స్వరాలు, మొదటిది పైన, రెండోది కింద. ఛందస్సులో చెప్పాలంటే రెండు గురువులు, అంతే పద్యం. భూమి మీద మోకాలెత్తు మంచు వుండగా, వసంతం సంగతి ముందుగా పసిగట్టేది ఆ తులం పిట్ట. ఫిబ్రవరి వచ్చేసరికి ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది.

డైరీ తిప్పుతూ పోయాను. 2023 వుంది. 2024 పేజీలో ఏమీ లేదు. 2025 జనవరి నుంచి దస్తూరి మారింది. అప్పది.

ఆ ఖాళీ పేజీ చూసి నేనేమీ అనలేదు. అప్పే అంది: "ఆ యేడు ఇక్కడ చలికాలమే రాలేదురా. అందరూ అదే వింతగా చెప్పుకున్నారు." నిజమే. 2023-24 చలికాలం మిన్నెసోటాలో లెక్కలు రాయడం మొదలుపెట్టిన తర్వాత అన్నిటికన్నా వెచ్చటి చలికాలం. పాట ఎంత ముందుగా మొదలైందో. ఎర్రసిరాతో రాయవలసిన మనిషి ఆ నెలలోనే వెళ్లిపోయారు.

సరే, నేను వచ్చిన పని ఒకటుంది. నాలుగో రోజున మాట కదిపాను. అమ్మ పెద్దదయింది, మన ఇంట్లో గది సిద్ధంగా వుంది, ఇక్కడ జారిపడితే లేపే దిక్కు లేదు - అన్నీ చెప్పాను. అప్ప ఓపిగ్గా విని, "ఈ శుక్రవారం నుంచి సోమవారం దాకా లెక్క వుంది. అది కానీ" అంది.

లెక్కంటే పక్షుల జనాభా లెక్క. కార్నెల్ విశ్వవిద్యాలయం వారి పక్షిశాస్త్ర సంస్థ, ఆడుబాన్ సంఘం కలిసి 1998లో మొదలుపెట్టారు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు, ఎవరి పెరట్లో వాళ్లు కూర్చుని కనపడ్డ పక్షుల్ని లెక్కపెట్టి పంపాలి. తక్కువలో తక్కువ పదిహేను నిమిషాలు కూర్చోవాలి. 2013 నుంచి ప్రపంచంలో ఎవరైనా చెయ్యవచ్చు. మన దేశంలోనూ చేస్తున్నారు. 2025లో ఫిబ్రవరి 14 నుంచి 17 దాకా. నన్ను లేఖకుడిగా నియమించింది. మొదటిరోజు పావుగంట అయ్యాక నేను గర్వంగా "నల్లటోపీలు ముప్ఫయి ఎనిమిది" అన్నాను.

"ఎన్నిసార్లు వచ్చాయో కూడావా?"

"కూడకపోతే లెక్క ఎలా అవుతుంది?"

"వచ్చిన పిట్టే మళ్లీ వస్తుంది గదరా. ఒక్కసారిగా కంటికి ఎన్ని ఆనాయో అదే లెక్క. ఐదు కనపడ్డాయా? ఐదు రాయి."

ముప్ఫయి ఎనిమిది కాస్తా ఐదయింది. ఎమ్మే పట్టా పరువు అక్కడే పోయింది. అయినా చెప్పొద్దూ, నాలుగో రోజుకి ఆ పావుగంట కోసం నేను ముందే లేచి కూర్చున్నాను. చివరి రోజున రెడ్‌పోల్ అనే పిట్టలు గుంపుగా దిగాయి. నుదుట ఎర్రబొట్టు, చెంచాడు ఒళ్లు. ఉత్తరధ్రువం వైపు అడవుల నుంచి, అక్కడ గింజలు కరువైన యేడు కిందికి వస్తాయి. వీటిని మూడు వేరువేరు జాతులని పండితులు చాలాకాలం పుస్తకాల్లో రాసి, 2024లో కాదు, ఒకటే జాతి అని తేల్చేశారు. మన బండిర కథే. పండితులు ఎక్కడున్నా పండితులే.

లెక్క అయిపోయాక మళ్లీ మాట కదిపాను. ఈసారి నేనూ చదువుకుని వెళ్లాను. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో ఇద్దరు శాస్త్రజ్ఞులు చికడీల మీద పరిశోధన చేసి 1992లో ప్రకటించారు. ఏళ్ల తరబడి మనుషులు గింజలు పెట్టిన చోట పెట్టడం మానేసి చూశారు. అలవాటుపడ్డ పిట్టలు, గింజలు ఎన్నడూ ఎరగని పిట్టలంత బాగానూ చలికాలం గట్టెక్కాయి. "చూశావా అప్పా, నువ్వు లేకపోయినా అవి బతుకుతాయి" అన్నాను.

"తెలుసు. మీ బావే చదివి చెప్పారు" అంది. కాస్సేపు ఆగి, "చదివిన మర్నాడు కూడా లేచి వెళ్లి పోశారు" అంది.

నా దగ్గర ఇంకో పాయింటు లేకపోయింది.

అప్పుడే ఏదో మాటల్లో మా కాలేజీ పిల్ల అడిగిన ప్రశ్న సంగతి చెప్పాను. అప్ప పకపకా నవ్వింది. నేను వచ్చాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. "అంత భాగ్యానికేనా? పద, చూపిస్తాను" అంది.

గంటలోపు ప్రయాణం. మాంటిసెల్లో అనే వూరు. మిసిసిప్పీ నది ఒడ్డున వుంది. అక్కడ విద్యుత్ కేంద్రం వదిలే గోరువెచ్చటి నీళ్ల మూలాన ఆ మేర నది గడ్డకట్టదు. ఒక వీధి చివర చిన్న పార్కు, కంచె, కంచె అవతల పొగలు కక్కుతున్న నది. ఆ పొగలో వున్నాయండీ, హంసలు! పది కాదు, ఇరవై కాదు, వందలు. గుంపు నిండుగా వున్న రోజుల్లో వెయ్యి దాటుతాయట. పాలరాతి బొమ్మల్లా నీళ్ల మీద నిలిచి, నల్లటి ముక్కులతో, నిటారైన మెడలతో. నేను నిలబడ్డ చోటే నిలబడిపోయాను. ఇరవై ఏళ్లుగా నోటితో మోసిన మాట కళ్లెదుట తేలుతోంది.

వీటిని ట్రంపెటర్ స్వాన్‌లంటారు. ఆ ఖండంలో ఎగిరే సొంత పక్షులన్నిటిలోకీ బరువైనవి. మగది పన్నెండు కిలోల దాకా తూగుతుంది. రెక్కలు చాపితే ఏడెనిమిది అడుగులు. ఇక గొంతు వుంది చూశారూ! కావ్యాల్లో హంస పలుకంటే అందెల రవళి గదా. ఇవి నోరు తెరిస్తే పెళ్లివారి బాకా. వెయ్యి బాకాలు ఒక్కసారి. హంసనడక కూడా చూశాను. నీళ్లలోంచి మంచు మీదికెక్కి ఒక దొర అడుగులేస్తే, అచ్చం పట్టుపంచె కట్టుకుని బురదలో నడిచే మా పెదనాన్నగారు. ఈ ఉపమానాన్ని కన్నెపిల్లల మీద ప్రయోగించిన కవులు దాన్ని నీళ్లలోనే చూశారని నా అభిప్రాయం.

నవ్వుకి నవ్వు గాని, ఆ వందల హంసల వెనక కథ నవ్వేది కాదు. చర్మాల కోసం, మెత్తటి ఈకల కోసం, రాసుకునే కలాల కోసం, వ్యాపారులు తరాల తరబడి వీటిని చంపించారు. మనవాళ్లు తాటాకు మీద గంటంతో రాసినన్నాళ్లూ అక్కడివాళ్లు హంస ఈకతో రాశారు! పందొమ్మిదో శతాబ్దం ముగిసేలోగా మిన్నెసోటాలో గూడుకట్టే హంస లేకుండా పోయింది. 1930ల నాటికి, అలాస్కా మినహా అమెరికా మొత్తంలో లెక్కకు తెలిసినవి 69. 1966లో మోంటానా నుంచి కొన్ని తెచ్చి మిన్నియాపొలిస్ దగ్గర పెంచడం మొదలుపెట్టారు. 1980లలో అలాస్కా నుంచి గుడ్లు తెచ్చి పొదిగించారు. అదే దశకంలో ఈ వూళ్లో ఒక ఇల్లాలు తన పెరటి రేవుకి వచ్చిన పదీ పదిహేను హంసలకి రోజూ మొక్కజొన్న పొయ్యసాగింది. పిల్లల్ని వెంటేసుకుని అవి మర్నాటి ఏడు వచ్చాయి, పై యేడు మరిన్ని. ఆమె 2011లో పోయింది. తర్వాత ఆ బకెట్టు ఆమె భర్త అందుకున్నాడు.

ఈ మాటలు చెబుతున్నంతసేపూ అప్ప నా వైపు చూడలేదు. నదివైపే చూస్తోంది. నేనూ రెట్టించలేదు.

బూడిదరంగు పిల్లహంసలు మొదటి చలికాలమంతా తల్లిదండ్రుల్ని వదలవు. జంట జంటకీ నడుమ మూడో నాలుగో మసకరంగు పిల్లలు. పైన ఎండిన చెట్టు మీద తెల్లతల గద్ద ఒకటి కూర్చుని ఇదంతా చూస్తోంది. డీడీటీ మందు మూలాన గుడ్ల పెంకులు పలచబడి ఆ జాతీ అంతరించబోయింది. 1972లో ఆ మందును నిషేధించాక కోలుకుంది. 2007లో ప్రమాదపు జాబితా నుంచి తీసేశారు. అమెరికా రాజముద్ర మీదా నాణేల మీదా ఎన్నడూ వున్న ఈ గద్దను చట్టప్రకారం జాతీయపక్షి చేసింది మాత్రం 2024 డిసెంబరులో. అంతవరకూ ఎవరికీ అనుమానమే రాలేదట.

పాఠకుల్లో పండితులుంటే నన్ను సవరించబోతారు గనక నేనే చెబుతున్నాను. మన కావ్యాల హంస ఈ హంస కాదు. స్వాన్ అనేది మన దేశానికి రావడం బహు అరుదు. మానససరస్సు వైపు గూళ్లు కట్టుకుని, చలికాలంలో హిమాలయాల మీదుగా ఎగిరి మన దేశానికి వచ్చే బాతుజాతి పక్షి ఒకటుంది. లేత బూడిదరంగు, తల మీద రెండు నల్లటి పట్టీలు. దక్షిణాది చెరువుల దాకా వస్తుంది. అదే మన హంస అని చాలామంది అభిప్రాయం. అంటే మా పిల్ల అడిగిన ప్రశ్నకి జవాబు నేను పదివేల మైళ్లు వెళ్లి వెతకనక్కరలేదు. ఈ సంగతి కూడా నాకు అక్కడే, అప్ప బల్ల మీద పుస్తకంలోనే తెలిసింది.

చివరి వారంలో ఇంకొక ప్రయాణం జరిగింది. పక్కింటావిడకి డెబ్భై దాటాయి. తపాలాశాఖలో పనిచేసి రిటైరయింది. బావగారికి పక్షుల పిచ్చి అంటించింది ఆవిడేనట. ఆవిడ కారులో ముగ్గురం తెల్లవారుజామున బయల్దేరి మూడు గంటలు ఉత్తరానికి వెళ్లాం. సాక్స్-జిమ్ బాగ్ అంటారు. నల్లటి స్ప్రూస్ చెట్లు, ఆకులు రాల్చిన టామరాక్ చెట్లు, కింద గడ్డకట్టిన బురదనేల, మూడువందల చదరపు మైళ్లు. 2014 నుంచి అక్కడ యాత్రికులకి ఒక చిన్న విడిది కూడా వుంది. మనం తిరపతి కొండ ఎక్కినట్టు ఎక్కడెక్కడివాళ్లో అక్కడికి చలికాలంలో వస్తారు. ఎందుకు? గుడ్లగూబను చూడ్డానికి!

మా ఇంట్లో గూబ కూస్తే అమ్మ మూడుసార్లు ఉమ్మేసి తలుపు మూసేది. దాని మొహం చూడ్డానికి మేము మూడు గంటలు ప్రయాణం చేశాం. అప్పకీ అదే గుర్తొచ్చినట్టుంది. "అమ్మకి ఇదీ చెప్పకు" అంది.

పొద్దంతా కనపడలేదు. దారిలో ఒకచోట చెట్టుకి వేలాడదీసిన జింక పక్కటెముకల గూడు మీద చికడీలు వాలి కొవ్వు పొడుచుకు తింటున్నాయి. శాకాహారులనుకున్న నా నల్లటోపీలు! కెనడా జే అనే బూడిదరంగు పక్షి మరీ విడ్డూరం. అంత చలిలో, ఫిబ్రవరి మార్చి నెలల్లోనే గూడుకట్టి గుడ్లు పెడుతుంది. ఎండాకాలమంతా తిండిని జిగురు ఉమ్మితో ముద్దచేసి చెట్ల సందుల్లో అంటించుకుని వుంచుతుంది. ఆ సరుకుతోనే పిల్లల్ని సాకుతుంది. చలి తగ్గితే ఆ నిల్వ పాడవుతుంది. కెనడాలో కొన్నిచోట్ల వెచ్చటి ఆకురాలు కాలాల వల్ల ఈ పక్షి తగ్గిపోతోందని తేల్చారు. చలి మన శత్రువని మనం అనుకుంటాం. దానికి చలే కొట్టుగది.

పొద్దు వాలుతుండగా పక్కింటావిడ కారు ఆపి, మాట్లాడకుండా వేలు చూపింది. రోడ్డు పక్క మొండి చెట్టు మీద, చెట్టు మొద్దే అనుకున్నది తల తిప్పింది. రెండున్నర అడుగుల పక్షి. పళ్లెమంత గుండ్రటి మొహం, వలయాలు వలయాలుగా. నడుమ రెండు పసుపు కళ్లు. పెద్ద బూడిద గుడ్లగూబ. అంత ఆకారమూ ఈకలే, తూస్తే కిలో, కిలోన్నర. దాని చెవి రంధ్రాలు ఒకటి పైకీ ఒకటి కిందకీ వుంటాయి. ఆ తేడాతో చప్పుడు ఎక్కణ్ణించి వస్తోందో కొలుచుకుంటుంది. అడుగున్నర మంచు కింద ఎలక కదిలినా వినిపిస్తుంది. 2004-05 చలికాలంలో కెనడా అడవుల్లో ఎలకలు కరువై ఐదువేల పైచిలుకు గూబలు మిన్నెసోటాకి దిగి వచ్చాయి. అప్పటికి బావగారు కొత్త. డైరీలో ఆ యేడు పదకొండు పేజీలు నింపారు.

మేము కారు దిగలేదు. దగ్గరికి వెళ్లి బెదిరించకూడదు, ఎలకల్ని ఎరగా వెయ్యకూడదు. పక్కింటావిడ ఆ విషయంలో మా హెడ్మాస్టరు కన్నా కఠినం. అది మమ్మల్ని ఒకసారి చూసి, మా వల్ల కాగల పని ఏమీ లేదని తేల్చుకున్నట్టు తల తిప్పేసుకుంది. కాస్సేపటికి ముందుకి వంగింది. చప్పుడు లేకుండా, బొత్తిగా చప్పుడు లేకుండా, గాలిలోకి జారి రోడ్డు మీదుగా వెళ్లి మంచులోకి కాళ్లు ముందుపెట్టి దూకింది. లేచేటప్పటికి గోళ్లలో నల్లటిదేదో వుంది. మంచు మీద రెండు రెక్కల అచ్చు మిగిలింది.

తిరిగి వచ్చేటప్పుడు చీకట్లో అప్ప అంది: "నీ టిక్కెట్టు ఒక్కదానికే వుంచుకో. అమ్మతో నేను మాట్లాడతాను. ఎర్రభుజాలు వచ్చేదాకా నేను ఎక్కడికీ రాలేను."

ఎర్రభుజాలంటే నల్లటి ఒళ్లు, భుజాల మీద ఎర్రటి బిళ్లలు వుండే పక్షి. మార్చి మధ్యలో మగవి ముందు వచ్చి, ఇంకా మంచు వీడని చెరువు గట్ల రెల్లు మీద కూర్చుని అరుస్తాయి. బావగారి డైరీలో ప్రతి యేడూ చలికాలానికి చివరి పద్దు అదే. "ఆ తర్వాత?" అన్నాను. "తర్వాత సంగతి తర్వాత. పోయిన యేడు పద్దు ఎలాగూ పోయింది" అంది.

నేను ఒక్కణ్ణే తిరిగి వచ్చాను. అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఫోనులో కూతురితో మాట్లాడి, నాతో "దానికేదో పిట్టల పనుందటరా" అంది, చేలో కోతలున్నాయటరా అన్నంత మామూలుగా.

మార్చి రెండో వారంలో ఫోనుకి చిన్న సందేశం వచ్చింది. 'ఎర్రభుజాలు. చెరువు వెనక. ఉదయం 7-10. సున్నాకి 2 దిగువ.' అంతే. నేను దాన్ని క్లాసులో చదివి వినిపించాను. మూడో బెంచీ అమ్మాయి, "మన దగ్గర ఏమున్నాయి మాస్టారూ?" అంది. ఈ పిల్ల ప్రశ్నలకి అంతు లేదు.

ఆ ఆదివారం పదిమంది పిల్లల్ని తీసుకుని తేలినీలాపురం వెళ్లాను. మా టెక్కలికి దగ్గరే. చిన్నప్పుడు అప్ప నన్ను చంకనేసుకుని ఆ వూరికి తీసుకెళ్లేదట, నాకు గుర్తులేదు. చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు, సంచిముక్కు పెలికాన్లు, గూళ్ల నిండా. సైబీరియా నుంచి వస్తాయని వూరివాళ్లు చెబుతారు గాని ఈ రెండు జాతులూ మన దేశంలోనివే. ఆ మాట నేను అక్కడ అనలేదు. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటామని వాళ్లు అంటుంటే సైబీరియా గొడవ ఎందుకు? చెట్టు కింద నిలబడి, తల ఎత్తి, మెడ పట్టేసేదాకా లెక్కపెట్టి, ఆ రాత్రి అప్పకి ఫోను చేశాను.

"పెలికాన్లు నూట నలభై రెండు!"

అటునుంచి కాస్సేపు మాట లేదు. వెనక ఆమె కిటికీ దగ్గర చికడీ ఈల వినిపించింది, రెండు గురువులు.

"కూడావా?" అంది అప్ప.